నెత్తిన పోసిన వెనిగర్

చెల్లికి, అన్నయ్య దీవెనలు.

మొహం చాటేయకుండా ఒక్కదానికి జవాబు చెప్పు: బావ ప్రాణం ముఖ్యమా, బావ నాలుక ముఖ్యమా? పదిహేను రోజుల్లో బస్సు డ్రైవర్ల ఆరోగ్య పరీక్ష. రక్తపోటు దిగకపోతే ఆయన సీటు దిగాలి! డాక్టరు పచ్చి కూరగాయలు తినమంటే "నేనేమన్నా మేకనా?" అంటాడా? బైబిలు తెరువు! పొలంలో పరిగె ఏరుకునే ఆ పరదేశి కోడలికి ఆసామి ఏం చెప్పాడు? రొట్టెముక్క పులిసిన రసంలో ముంచుకోమన్నాడు! అందుకే మూడు రోజులు వంటింట్లో పోరాడి ఈ సీసా తయారుచేశాను. నమ్మకంతో పోసి, మనిషిలో మార్పు చూడు!

నీ అన్నయ్య

తా.క. (కాగితం వెనక): సీసా అయిపోతే ఇలా కలుపుకో: చెంచాడు వెనిగర్, మూడు చెంచాల నూనె, కాస్త ఆవపిండి, తేనె, మిరియాలు, దంచిన వెల్లుల్లి. ఉప్పు వేశావో, నన్ను అన్నయ్యా అని పిలవకు. బాగా గిలక్కొట్టి కీరా, క్యారెట్ ముక్కల మీద పోసి పెట్టు.

*

అన్నయ్యకు నమస్కారం.

నువ్వు నెలనెలా పంపే ప్రార్థన నూనె అందింది. ఎప్పటిలాగే ఆయన నెత్తిన పోసి మోకరించాను. బాబోయ్, ఈసారి ఏం శక్తి! "మీ అన్న నన్ను ఊరేస్తున్నాడే!" అని ఇల్లంతా గంతులేశారు. కానీ వింత చూడు, ప్రార్థనంటే పెరటి గుమ్మంలోంచి జారుకునే మనిషి మర్నాటి నుంచి పొద్దుగూకగానే తనే వచ్చి తల వంచుతున్నారు. "ఇంకాస్త పోయవే, పాపిని" అంటున్నారు! ఆనందంతో ఏడ్చేశాను.

నీ చెల్లి

తా.క. చుండ్రు కూడా తగ్గింది. పక్కింటావిడ వాళ్లాయన బట్టతలకి అడుగుతోంది.

*

ఓసి అమాయకురాలా!

అది నెత్తికి కాదు, కీరా ముక్కలకి! కాగితం తిప్పి చూడలేదా? ఇరవై ఏళ్లుగా నా ఉత్తరాలు సగమే చదువుతున్నావన్నమాట! వారం పోయింది. ఇక ఎనిమిది రోజులే! కొత్త సీసా పంపుతున్నాను. ఇప్పుడే కత్తిపీట ముందేసుకో!

మండిపోతున్న అన్నయ్య

తా.క. పక్కింటాయనకి పోయొద్దని చెప్పు. ఒకవేళ ఇప్పటికే పోసి, జుట్టు మొలిస్తే మాత్రం నాకు వెంటనే రాయి. నా సొంతానికి.

*

అన్నయ్యకు,

కాగితం తిప్పాను, తప్పయింది. ముక్కలు కోసి ముందు పెడితే ఆయన దొంగలా నవ్వారు. "ఇదేంటో మొదటిరోజే తెలుసే. మీసం మీదకి కారితే నాకి చూశా. అమృతం!" అన్నారు. ఇన్నాళ్లూ నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, ఈయన గడ్డం కింద కీరా ముక్కలు పట్టి, కారిందల్లా అద్దుకు తింటున్నారట! "మరి నాతో చెప్పొచ్చుగా?" అంటే, "మేకనని ఒప్పుకోవాలిగా" అన్నారు.

నిన్న పరీక్ష నెగ్గారు! పచ్చి కూరలు తిన్నందుకు, ఉప్పు మానినందుకు రక్తపోటు దిగిందని డాక్టరు మెచ్చుకున్నారు.

కానీ ఈయన డిపోలో అంతా చెప్పేశారు. మిగతా డ్రైవర్లకి రేపే పరీక్ష. పద్నాలుగు మంది మన వరండాలో తలలు వంచి, చేతుల్లో కీరాలతో కూర్చున్నారు. ఒక్క రోజులో ఏమీ దిగదంటే వినరు. నీ ప్రసంగం కూడా వింటామంటున్నారు, రెండు పేజీలూ! నీ జన్మలో ఇంతమంది దొరకరు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకో, సీసాలు సంచిలో వేసుకో, చెప్పులు దారిలో తొడుక్కుందువుగాని, ఇవాళే, ఈ ఉత్తరం తెచ్చిన బస్సుకే బయలుదేరు!

నీ చెల్లి