తెగిన పట్టీ కుట్టినందుకు

అక్కా, నేను కులాసా. నా ఉద్యోగం పోయిందని బావ చెవిన పడితే నమ్మకండి, ఇంకా పోలేదు.

మొన్న మా సేవాసంస్థకు ఒక ముసలి తోటమాలి వచ్చాడు. మేము ఉచితంగా ఇచ్చిన చెక్క కాలికి తోలు పట్టీ తెగింది. పది నిమిషాల్లో కుట్టి పంపాను. అది చూసి మేనేజరు నిప్పు తొక్కిన కోతిలా గంతులేశాడు.

"రిపేరు చేస్తే రిపోర్టులో ఏం రాయాలమ్మా? ఎన్ని కొత్త కాళ్ళు బిగించామో చూసే కదా దాతలు విరాళాలిచ్చేది! పాతది తీసేసుకుని కొత్తది తగిలించాల్సింది."

కొత్త కాలు అలవాటయ్యేదాకా ఆ ముసలాయన నెల్లాళ్ళు పని మానుకోవాలి. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆయనకు పోయింది ఒక్క కాలేనండీ, మీ రిపోర్టు కోసం ఎన్ని తగిలిద్దాం?" అని అడిగేశాను. దాంతో పనిముట్ల బీరువాకు తాళం వేశాడు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? అటక మీద నాన్న చెప్పులు కుట్టే ఆర, మైనం దారం ఉన్నాయి, బావతో పంపు. ఆదివారాలు మా సంస్థ గేటు బయట కూర్చుని తెగిన పట్టీలు కుడతాను. తెగిన చెప్పుతో వచ్చినవాణ్ణి నాన్న ఏనాడైనా ఉత్తకాళ్ళతో పంపాడా?

పిల్లలకు ముద్దులు.

నీ చెల్లి