తలుపు మీద పేరు

మోంటానా, అక్టోబరు

అమ్మా, ఒంట్లో బాగానే ఉంది, బెంగ పెట్టుకోకు.

కాలేజీ గ్రాంటుతో చదివినందుకు నాలుగేళ్ళు పాఠాలు చెప్పాల్సిన ఈ పల్లె బడిలో, నా క్లాసు తలుపు మీద ఇంకా పాత టీచర్ పేరే ఉంది. నిన్న చెరపబోతే ఎనిమిదేళ్ళ రోజ్లిన్ అడ్డం వచ్చింది.

"ఉండనీండి టీచర్. మీరు క్రిస్మస్ దాకా ఉంటే అప్పుడు మీ పేరు రాస్తాం. ఎవరికైనా అంతే."

"నేను నాలుగేళ్ళూ ఉంటానే!"

"ఆవిడా అదే చెప్పింది. సోమవారం వచ్చేసరికి లేదు. మీరైనా చెప్పి వెళ్తారా?"

"అసలు వెళ్ళనే వెళ్ళను" అని చేతిలో చెయ్యేసి చెప్పాను.

చలి కొరికేస్తోంది, ఉన్ని మేజోళ్ళు పంపు. నీ మోకాలు ఎలా ఉంది? నాన్నను అడిగానని చెప్పు.

నా గది మాత్రం క్రిస్మస్ దాకా ఎవరికీ అద్దెకివ్వకు.

నీ ఇంగ్రిడ్