దక్షిణం కిటికీలో పొగ గొట్టం

మంగళవారం రాత్రి, అల్లవరం

చెక్క కోసే నా లేజర్ మిషన్‌కి ఉన్న చిన్న ఫ్యాను పీకేసి, ఇవాళ పెద్దది బిగించేను. పొగ బయటికి పోవడానికి వెడల్పాటి గొట్టం దక్షిణం కిటికీలోంచి వదిలేను. పొద్దున్న గదిలో వాసనే లేదు. ఎంత మురిసిపోయేనో!

మధ్యాహ్నం భోజనాలయ్యేక సముద్రపు గాలి ఇటు తిరుగుతుందని ఈ ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. నాకే గుర్తు రాలేదు. పొగంతా పక్క కిటికీలోంచి మామయ్యగారి గదిలోకి కొట్టింది. అసలే ఉబ్బసం మనిషి.

"పొగ వస్తోందాండీ?" అని ఇక్కణ్ణుంచే కేకేసేను.

"ఆయ్, ఏం లేదమ్మా, నువ్వు కానీయ్" అన్నారు.

కానిచ్చేను. నేమ్ బోర్డు పూర్తయ్యేక వెళ్లి చూస్తే, కండువా ముక్కుకి అదుముకుని కూర్చున్నారు. కళ్లు ఎర్రగా...

ఎదుటి మనిషికి ఇబ్బందని తన బాధ ఎన్నడూ చెప్పరాయన. అది తెలిసీ ఆయన్నే అడిగేను. దిక్కుమాలిన సరదా నాది.

గొట్టం ఊడబెరికేను. ఇన్‌హేలర్ ఇచ్చేను. గోడ అవతల దగ్గు ఆగట్లేదు. ఇందాక వెళ్లి, "ఆసుపత్రికి వెళ్దామాండీ?" అన్నాను.

"ఆయ్, తగ్గిపోయిందమ్మా, పడుకో" అన్నారు.