చురుక్కుమనే సబ్బు

మూడో తేదీ, మధ్యాహ్నం

వదినగారికి, మరదలి నమస్కారాలు.

మీ మణికట్టు ఎలా ఉంది? కట్టు విప్పేదాకా చెంబు కూడా ఎత్తకండి. ఇక్కడ అందరం క్షేమం. క్షేమం అని రాశాను గానీ, మీ తమ్ముడికి భుజాలు పట్టేశాయి. ఎందుకో చెబుతాను.

మీరు మీ అమ్మాయి ఇంటికి వెళ్తూ నా చేతిలో పెట్టిన కాగితం ప్రకారం ఇవాళ పొద్దున ప్రార్థన చేసుకుని సబ్బు మొదలుపెట్టాను. "శిశు ఆశ్రమానికి నలభై సబ్బులు. వచ్చే నెల ఇరవైకి మేట్రన్ గారే వచ్చి తీసుకెళ్తారు. పసివాళ్ళ ఒంటికి వాడేవి, నా పేరు నిలబెట్టు" అని మీరన్న మాటలు చెవిలోనే ఉన్నాయి. అందుకే చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని కిటికీలన్నీ బార్లా తెరిచాను. ఆలివ్ నూనె మూడు లీటర్లు, కాస్టిక్ సోడా మూడువందల ఎనభై గ్రాములు. కాస్టిక్‌నే నీళ్ళలో వేశాను, నీళ్ళను కాస్టిక్‌లో పోయలేదు. అది తిరగబడితే ప్రాణం మీదికొస్తుందని మీరు ఏడుసార్లు చెప్పారు కదా.

కానీ వదినా, చిక్కబడదే! పదింటికి మొదలుపెట్టాం, ఇప్పుడు ఒంటిగంట. గరిటె ఎత్తితే పల్చని పాలలా జారిపోతోంది. నేను అలిసిపోతే ఆయన, ఆయన అలిసిపోతే నేను. ఈ ఉత్తరం రాస్తున్నంతసేపూ ఆయనే తిప్పుతున్నారు. "మా అక్కయ్య చేస్తే ఇట్టే అయిపోయేది" అంటున్నారు. "అయితే అక్కయ్యనే పిలుచుకోండి" అని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

ఏం తప్పు చేశానో వెంటనే రాయండి.

మీ మరదలు

తా.క. కవరు అంటించేలోపు చిక్కబడింది! గరిటె లాగితే జాడ పైన గీతలా నిలిచింది. అచ్చుపెట్టెలో పోసేశాను. రాసింది వృథా పోవడం ఎందుకని ఉత్తరం పంపుతున్నాను.


తొమ్మిదో తేదీ

మరదలికి ఆశీస్సులు.

నా చెయ్యి కట్టులోనే ఉంది కాబట్టి ఇది మా అల్లుడు రాస్తున్నాడు. కోర్టులో వాంగ్మూలాలు రాసే ఉద్యోగం. చెప్పింది చెప్పినట్టు రాస్తాడు, అక్షరం వదలడు.

నీ ఉత్తరం చూసి గుండె ఆగినంత పనైంది. ఆరు రోజులు గడిచాయి. ఇంకా తిప్పుతూనే ఉన్నారా? ఆపకండి! ఆలివ్ నూనె మొండి నూనె, బతిమాలితే వినదు, విసిగిస్తే వింటుంది. తమ్ముణ్ణి మాత్రం మధ్యమధ్య కూర్చోనివ్వు, వాడికి చిన్నప్పట్నుంచీ భుజబలం తక్కువ. వాడికంటే నేనే బాగా తిప్పేదాన్ని. అల్లుడూ, ఆ ఫ్యాను తగ్గించు, కాగితం ఎగురుతోంది. ఇది రాయకు.

నలభైలో ఒక్కటి తగ్గినా ఆ మేట్రన్ ముందు నా తల తీసేసినట్టే. గుర్తుంచుకో.

మీ వదిన

తా.క. చిన్నత్తయ్యగారూ, అల్లుణ్ణి. సబ్బు పోసేశారని మీ ఉత్తరం అడుగున చూశాను. చెప్పబోతే "మధ్యలో మాట్లాడకు, రాయి" అన్నారు. రాశాను.


పద్నాలుగో తేదీ

వదినగారికి, మరదలి నమస్కారాలు.

కంగారు పడకండి. సబ్బు ఆ రోజే చిక్కబడింది, మీ తమ్ముడు కూర్చునే ఉన్నారు. రెండు రోజులాగి అచ్చులోంచి తీశాను. వెన్నముద్దలా మెత్తగా ఉంటే ఇంకో మూడు రోజులు వదిలేసి, దారంతో కోశాను. సరిగ్గా నలభై. ముందుగది బల్ల మీద గుడ్డ పరిచి వరసగా ఆరబెట్టాను. వచ్చినవాళ్ళెవరినీ ఆ గదిలో కూర్చోనివ్వడం లేదు.

ఒక్కటే బెంగ. పైన తెల్లగా పొడిలాంటిది పట్టింది, బూజేమో అని భయంగా ఉంది. ఏం చేయాలో చెప్పండి.

మీ మరదలు

తా.క. పైన రాయడానికి చెయ్యి రాలేదు. కాస్టిక్ అమ్మిన దుకాణం ఆయన, "ఒక సబ్బు నాలుక కొసకి ఊరికే ఆనించి చూడమ్మా. చురుక్కుమంటే అందులో కాస్టిక్ మిగిలిపోయినట్టే" అన్నాడు. ఆనించాను. టార్చిలైటు బ్యాటరీని నాకినట్టుంది. ఇది పసివాళ్ళ ఒంటికి రాసేది కదా వదినా? నాకు అన్నం సయించడం లేదు.


ఇరవయ్యో తేదీ

మరదలికి ఆశీస్సులు.

పిచ్చిదానా, అది బూజు కాదు. గాలి తగిలితే పట్టే బూడిద. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఈసారి పోయగానే పైన మూత వెయ్యి. దానికే ఇంత బెంగా? నాకు మాత్రం నీ ఉత్తరం చదివి కడుపు నిండిపోయింది. నలభైకి నలభై! మా అమ్మాయితో అన్నాను, మీ అత్తకి నోరు లేదు గానీ చెయ్యి ఉందే అని.

ఆ సంతోషంలోనే మేట్రన్ గారికి కూడా ఉత్తరం రాయించాను. "ఈసారి చేసింది మా మరదలు. నా సబ్బుకి ఏ మాత్రం తీసిపోదు. పూచీ నాది" అని. ఇక నువ్వు గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపో.

మీ వదిన

తా.క. చిన్నత్తయ్యగారూ, అల్లుణ్ణి. అత్తయ్యగారు తా.క.లు చదవరు. "అసలు సంగతి పైన చెప్పలేనివాళ్ళే కింద రాస్తారు" అని ఆవిడ సిద్ధాంతం. మీ నాలుక సంగతి నేను చూసేసరికి మేట్రన్ గారి ఉత్తరం పోస్టుడబ్బాలో పడిపోయింది. తీద్దామని ప్రయత్నించాను. చెయ్యి మోచేతిదాకా వెళ్ళింది గానీ తిరిగి రావడానికి పోస్టుమాన్ రావలసి వచ్చింది. ఇకమీదట ఏదున్నా పైనే రాయండి.


రెండో తేదీ

వదినగారికి, మరదలి నమస్కారాలు.

ఇది పైనే రాస్తున్నాను. సబ్బు చురుక్కుమంటోంది.

ఆరితే తగ్గుతుందేమోనని నాలుగు వారాలు ఆగాను. నాలుగు మూలల నుంచి నాలుగు తీసి నాలుకకి ఆనించాను. నాలుగూ చురుక్కుమన్నాయి. ఏం తప్పు చేశానా అని వంటింట్లో కూర్చుని ఏడుస్తుంటే ఖాళీ నూనె డబ్బా కంటపడింది. దాని పక్కన చిన్న అక్షరాలతో రాసుంది: ఒక లీటరు, తొమ్మిదివందల పదహారు గ్రాములు. కాస్టిక్‌ని తూకం వేశాం, నూనెని కొలత పోశాం. దుకాణం ఆయన్ని అడిగితే, సబ్బుకి లెక్క అంతా తూకంతోనేనట. మీ కాగితంలో మూడు కిలోల నూనెకి సరిపోయే కాస్టిక్ ఉంది. మూడు లీటర్లు మూడు కిలోలు కావు వదినా, పావుకిలో తక్కువ. ఆ పావుకిలో నూనెకి పోవలసిన కాస్టిక్ ఎటూ పోలేక సబ్బులోనే కూర్చుంది.

నేనే పొరబడ్డానేమోనని మీ గదిలో ఉన్న మీ పాత సబ్బు తెచ్చి చూశాను. క్షమించండి. అదీ అంతే.

అప్పుడు మీ తమ్ముడు నోరు విప్పారు. పెళ్ళయిన ఇరవయ్యారేళ్ళుగా స్నానం అయ్యాక ఆయన తువ్వాలుతో అంతసేపు రుద్దుకుంటుంటే, శుభ్రం ఎక్కువనుకున్నాను. దురదట! "మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేమండీ?" అంటే, "అక్కయ్య చేసింది కదా" అన్నారు.

ఆయన పెద్దవారు, తట్టుకున్నారు. పసివాళ్ళు నోరు తెరిచి చెప్పలేరు. ఈ సబ్బులు తురిమి, నీళ్ళగిన్నెలో పెట్టి సన్నసెగ మీద కరిగించి, తక్కువైన నూనె తూకం వేసి కలుపుతాను. అందం పోతుంది గానీ చురుకు పోతుంది. మీరు సరేనంటే చాలు. ఇరవైకి ఇంకా పద్దెనిమిది రోజులే ఉన్నాయి.

మీ మరదలు

తా.క. ఏమీ లేదు.


ఎనిమిదో తేదీ

మరదలికి.

నువ్వా నాకు తూకం నేర్పేది? లీటరంటే కిలో. పాలు పోసేవాణ్ణి అడుగు, నీళ్ళు మోసేవాణ్ణి అడుగు. డబ్బా మీద చిన్న అక్షరాలతో రాసేవన్నీ మనుషుల్ని భయపెట్టడానికే. ముప్ఫై ఏళ్ళుగా సబ్బు చేస్తున్నాను, ఒక్కరు నోరెత్తలేదు. చురుక్కుమనకపోతే అది సబ్బెలా అవుతుంది, సున్నిపిండి అవుతుంది గానీ! అయినా సబ్బు ఒంటికి రాసుకునేదా, నాకేదా?

తమ్ముడికి దురదా? వాడు బళ్ళో చదివే రోజుల్లోనే గోక్కునేవాడు. అప్పుడు నాకు సబ్బు చేయడమే రాదు. వట్టి అబద్ధాలకోరు! అల్లుడూ, అది కొట్టెయ్. కొట్టేసినట్టు కనపడకుండా కొట్టెయ్.

నేను పూచీ రాసిచ్చాను. తొమ్మిదేళ్ళుగా ఆ పిల్లలు తెల్లారి లేచి నా సబ్బుతోనే స్నానాలు చేస్తున్నారు. ఆ మేట్రన్ ప్రతిసారీ నా చేతులు పట్టుకుని "మీ సబ్బు లేకపోతే మా ఆశ్రమం లేదమ్మా" అంటుంది. ఇప్పుడు నువ్వు వెళ్ళి "మా వదిన సబ్బు మంచిది కాదు" అంటావా? అవి తురిమావంటే నా ముఖం తురిమినట్టే. ఉన్నవి ఉన్నట్టు ఇవ్వు. లేదా నేను మళ్ళీ మీ గడప తొక్కను. ఇంతే.

మీ వదిన

తా.క. చిన్నత్తయ్యగారూ, అల్లుణ్ణి. "తొమ్మిదేళ్ళుగా ఆ పిల్లలు" అన్నచోట అత్తయ్యగారు ఆగిపోయారు. తర్వాత నన్ను, "లీటరు నూనె నిజంగా కిలో తూగదంటావా?" అని అడిగారు. ఇది రాయమనలేదు. వద్దనీ అనలేదు.


ఇరవై ఒకటో తేదీ

వదినగారికి, మరదలి నమస్కారాలు.

మీ మాట కాదనడం ఇదే మొదటిసారి. సబ్బులు తురిమాను.

మీ ఉత్తరం వచ్చాక దేవుడి ముందు చాలాసేపు కూర్చున్నాను. నాకు కనిపించినవల్లా ఎర్రగా కందిన చిన్న చిన్న వీపులే. లేచి తురుముపీట తీశాను. మీ తమ్ముడు రెండో తురుముపీట కొనుక్కొచ్చి నా పక్కన కూర్చున్నారు. కరిగించి, నూనె తూచి కలిపి, మళ్ళీ అచ్చులో పోశాం. వారం ఆగి నాలుకకి ఆనిస్తే వట్టి సబ్బు రుచే, ఇంకేమీ లేదు. ఆ క్షణాన ఆ రుచి తేనె కంటే తీపిగా ఉంది. కానీ చూడ్డానికి వదినా, ఒక్కటీ తిన్నగా లేదు. నలభై సబ్బులూ గులకరాళ్ళలా తేలాయి.

నిన్న పదింటికి మేట్రన్ గారు వచ్చారు, చేతిసంచిలో మీ పూచీ ఉత్తరంతో సహా. జరిగిందంతా చెప్పాను, నూనె తూకం సంగతీ, నాలుక సంగతీ. ఆవిడ ఒక సబ్బు తీసుకుని, పెరట్లో పంపు దగ్గర చేతికి రుద్దుకున్నారు. కాసేపు చూశారు. ముఖం వాడిపోయింది.

"ఏంటమ్మా ఇది, ఇంత మెత్తగా చేసేశారు?"

"పసివాళ్ళ ఒంటికి కదండీ" అన్నాను.

"పసివాళ్ళకా!" అని ఆవిడ పంపు గట్టు మీద కూలబడ్డారు. "అమ్మా, మీ వదినగారు మొదటిసారి తెచ్చినప్పుడే మా ఆయా ఒకామె చేతులు కడుక్కుని, ఆ చేతులు తెచ్చి నాకు చూపించింది. ఆ రోజు నుంచి ఒక్క ముక్క కూడా పిల్లల గదిలోకి పోనివ్వలేదు. ఆవిడ అంత ప్రేమగా ఇస్తుంటే వద్దని ఎలా అనను? పారేయడానికి మనసొప్పక ఒకరోజు వరండాలో నేలకి రుద్ది చూశాం. పదేళ్ళ జిడ్డు ఒక్క దెబ్బకి లేచొచ్చింది! తొమ్మిదేళ్ళుగా మా నేలలకి అదే సబ్బు. తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ 'ఇంత శుభ్రమైన నేలలు ఎక్కడా చూడలేదు' అని రాసి వెళ్తాడు. మీ సబ్బు లేకపోతే మా ఆశ్రమం లేదని నేను ఉత్తుత్తినే అన్నానా? రేపు మళ్ళీ తనిఖీ. ఇప్పుడు నేను దేంతో కడిగించను?"

ఏడు వారాలు నిద్ర లేదు వదినా, అన్నం లేదు, మీ కోపం నెత్తిన వేసుకున్నాను. చివరికి తేలిందేమిటంటే, నేను సబ్బుని బాగుచేసి పాడుచేశాను.

మీ గదిలో అరమీద మిగిలిన మీ పాత సబ్బులు పదకొండూ ఆవిడకి ఇచ్చేశాను. కళ్ళకద్దుకుని తీసుకెళ్ళారు. నా గులకరాళ్ళు కూడా తీసుకున్నారు. ఇంకో నెల ఆరనిచ్చి, ముందు తన చేతికి వాడి చూసుకుని, బాగుంటే అప్పుడు పిల్లలకి పెడతారట.

ఇది మీకు రాయనా, మాననా అని చాలా మథనపడ్డాను. దాస్తే మీ సబ్బు వల్ల ఆ పిల్లలకి ఏమైందోనని మీరు జన్మంతా కుమిలిపోతారు. ఒక్క బిడ్డకి కూడా ఏమీ కాలేదు వదినా. ఆ మాట మీకు తెలియాలనే రాస్తున్నాను.

గడప తొక్కనని అన్నారు. మీ గది మాత్రం రోజూ ఊడుస్తున్నాను. చెయ్యి బాగవగానే రండి. పిల్లల సబ్బు నేను చేస్తాను, నేల సబ్బు మీరు చేయాలి. మేట్రన్ గారు మరీమరీ చెప్పమన్నారు, మీ కాగితంలో ఒక్క అక్షరం కూడా మార్చవద్దట. మీకు పుణ్యముంటుంది, నూనె మాత్రం తూచకండి.

మీ మరదలు

తా.క. తనిఖీ అయిపోయిందని ఇప్పుడే కబురొచ్చింది. నేలల్ని మెచ్చుకున్నారు గానీ, మెట్ల మూలల్లో మరకలు ఉన్నాయని రాశారట. "మీ వదినగారు వచ్చేసారి ఇంకొంచెం చురుగ్గా చేయగలరా?" అని మేట్రన్ గారు అడిగి పంపారు. ఏం చెప్పమంటారు?