పన్నెండో ముద్ర

జూలై 6, సోమవారం. మబ్బు, చినుకు లేదు. కిటికీ రెక్కకి ఊడిన మేకు కొట్టాను.

అక్కకు,

నువ్వు రెండుసార్లు అడిగావు కాబట్టి రాస్తున్నాను. పది రోజులుగా లైబ్రరీకి వెళ్లడం లేదు. వెళ్లనివ్వడం లేదు. జీతం ఆపేశారు.

రాతిపొడి మిల్లులో దుమ్ము పీల్చేవాళ్లకి వచ్చే ఊపిరితిత్తుల జబ్బు మీద మా దగ్గర ఒక పుస్తకం ఉంది. మూడేళ్లు ఎవరూ ముట్టుకోలేదు. ఈ ఏడాది పదకొండుమంది ఇంటికి తీసుకెళ్లారు. తర్వాత మిల్లు యజమానికి ఒక అర్జీ వెళ్లింది, ముక్కుకి కట్టుకునే గుడ్డలూ డాక్టరు పరీక్షా కావాలని. కింద పేర్లు లేవు. మా లైబ్రరీ కమిటీ అధ్యక్షుడు ఆ యజమానికి స్వయానా బావమరిది. మిగతాది నువ్వు ఊహించగలవు.

పుస్తకం వెనక అంటించిన చీటీ మీద మేం తేదీ ముద్ర మాత్రమే వేస్తాం. ఎవరు తీసుకెళ్లారన్నది రిజిస్టరులో ఉంటుంది. ఆ రిజిస్టరు ఇమ్మన్నాడు అధ్యక్షుడు. ఇవ్వనన్నాను.

"నీకేం పోయింది? వాళ్లు నీ చుట్టాలా?"

"చుట్టాలు కాదండీ, పాఠకులు."

"చీపురు పట్టుకొచ్చినవాడివి. కుర్చీలో కూర్చోబెడితే పాఠకులట, పాఠకులు!"

అందులో అబద్ధం లేదు. ఊడవడానికే చేరాను. దుమ్ము దులుపుతూ అట్టల మీద అక్షరాలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నాను. సర్టిఫికెట్లున్నవాళ్లు ఇప్పటికీ నన్ను చీపురు పంతులు అంటారు.

నెలాఖరులోగా రిజిస్టరు తెచ్చిస్తే కుర్చీ నాది, లేకపోతే తీసేస్తారు. పై ఆఫీసుకి అప్పీలు చేసుకోవచ్చు కానీ అది తేలడానికి ఆరు నెలలు పడుతుంది. ఆ ఆరు నెలలు వీడేం తిని బతుకుతాడులే అన్నదే వాళ్ల ధైర్యం. ఆ పేర్లు బయటికొస్తే మాత్రం అంతమందికీ మర్నాడే మిల్లు గేటు మూసేస్తారు.

డబ్బు పంపకు. పంపితే పోయినసారిలాగే తిప్పి పంపుతాను.

నీ తమ్ముడు

ఇవాళ చేసిన పనులు: మేకు. రెండు చొక్కాలు ఉతికాను. ఈ ఉత్తరం.


జూలై 19, ఆదివారం. వాన. స్టవ్ వత్తులు మార్చాను.

అక్కా,

నీ కార్డు అందింది. "ఒరేయ్, ఎవరైనా చెయ్యి అందిస్తే తోసెయ్యకు" అని మాత్రం రాశావు. ఎవరందిస్తారులే అనుకున్నాను. మర్నాడే ఒక కవరు వచ్చింది.

గ్రంథాలయ ఉద్యోగుల సహాయ నిధి అట. నేనెప్పుడూ వినలేదు. "గ్రంథపాలకులు గారికి" అని మొదలుపెట్టారు. నన్ను ఇన్నేళ్లలో ఎవరూ అలా పిలవలేదు, అక్కడే అనుమానం వచ్చింది. "పదకొండుమంది పాఠకుల పేర్లు బయటపెట్టనందుకు మీ జీతం నిలిపివేశారని తెలిసింది. చదువుకునే స్వేచ్ఛ కోసం నిలబడినవారికీ, వివక్షకు గురైనవారికీ మేం తోడుంటాం. ఆరు నెలల ఖర్చు పంపగలం. తిరిగి ఇవ్వనక్కర్లేదు."

తిరిగి ఇవ్వనక్కర్లేని డబ్బు ఎవరిస్తారక్కా? కవరుని వెలుతురుకి పెట్టి చూశాను. పోస్టాఫీసు ముద్ర సరిగ్గానే ఉంది. లోపల ఒక ఫారం ఉంది. ఎంతమంది పాఠకుల వివరాలు కాపాడారు అని ఒక గడి, మిమ్మల్ని ఎరిగిన సాక్షి సంతకం అని ఇంకో గడి. ముందు ఎంతమందో అడుగుతారు, తర్వాత ఎవరెవరో అడుగుతారు. డబ్బు తీసుకున్నాక కాదనడానికి నోరెలా వస్తుంది? ఇది అధ్యక్షుడు వేసిన వల కాదని ఏమిటి నమ్మకం?

మా బైండరు జిగురు మాస్టారు వచ్చాడు. గోళ్ల నిండా ఎండిన జిగురే, అందుకే ఆ పేరు.

"కవరు వచ్చిందటగా పంతులూ?"

"ఎవరు చెప్పారు?"

"పోస్ట్‌మ్యాన్. ఏం, రహస్యమా? ఫారం గీరం ఉంటే చెప్పు, సాక్షి సంతకం నేను పెడతా."

సాక్షి కావాలని ఇతనికెలా తెలుసు? చేతిలోని ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాను. వానలో తడిసి వచ్చాడు. కూర్చోమనలేదు. కాసేపు గుమ్మంలోనే నిలబడి, "సరేలే, మొహం అలా గంటు పెట్టుకుని ఉండకు" అని వెళ్లిపోయాడు.

నిన్న బజారులో అధ్యక్షుడు ఎదురుపడ్డాడు. "చీటీ మీద పన్నెండు ముద్రలున్నాయి, నేనే లెక్కపెట్టాను. పన్నెండు పేర్లు. పన్నెండు నిమిషాల పని. ఎందుకయ్యా నీకీ మొండితనం?" అన్నాడు మెత్తగా. ఆ మెత్తదనానికి లొంగబోయాను. నీకు కాక ఇంకెవరికి చెప్పను, రిజిస్టరు ఇచ్చేసి పీడ వదిలించుకుందామనిపించింది. ఇంటికొచ్చి దాన్ని తీశాను కూడా. మళ్లీ పెట్టేశాను. ఎక్కడన్నది నీకూ రాయను.

ఫారం చించలేదు, నింపలేదు.

నీ తమ్ముడు

ఇవాళ చేసిన పనులు: వత్తులు. కారుతున్న చోట బకెట్ పెట్టాను.


జూలై 27, సోమవారం. చాలా రోజులకి ఎండ. తడిసిన పరుపు ఎండేశాను.

అక్కా,

నిన్నంతా ఆ నిధివాళ్ల ఉత్తరంలో తప్పు వెతుకుతూ కూర్చున్నాను. దొరికింది. పదకొండుమంది అని ఉంది. ఊళ్లో అందరూ పన్నెండు అంటున్నారు. జీతం ఆపుతూ అధ్యక్షుడు నాకిచ్చిన నోటీసులో పన్నెండే. ఈమధ్య ఆ చీటీ ఊడితే మళ్లీ అంటించిన మాస్టారుకీ పన్నెండే తెలుసు. వల వేసినవాడు తన సొంత లెక్క ఎందుకు తప్పు రాస్తాడు?

పదకొండు అని నేను ఒక్కరికే రాశాను. రాసిన ప్రతి ఉత్తరం దినచర్య పుస్తకంలో ఎక్కించుకుంటాను కదా, తీసి చూశాను. జూలై 6. నీకు.

ఆ నిధి చిరునామా నీకు ఎక్కడ దొరికిందో తెలియదు. ముందు కోపం వచ్చింది. మనియార్డరు తిప్పి పంపుతానని ఇలా చుట్టు తిరిగి వచ్చావా అనుకున్నాను. ఆ తర్వాత, పన్నెండుని పదకొండు ఎందుకు చేశానో నీకు చెప్పక తప్పదని తెలిసింది.

పన్నెండో ముద్ర నాది.

నేను పుస్తకం ఇంటికి తీసుకెళ్లినా రిజిస్టరులో రాసి ముద్ర వేస్తాను, అది నా పద్ధతి. పదకొండుమంది తీసుకెళ్లిన పుస్తకంలో ఏముందో చూద్దామని తీసుకెళ్లాను. నాలుగో అధ్యాయంలో నా దగ్గు ఉంది. పొద్దున్నే వచ్చేదీ, మెట్లెక్కితే వచ్చేదీ, అంతా అచ్చు వేసి ఉంది. లైబ్రరీకి రాకముందు నాలుగేళ్లు అదే మిల్లులో బస్తాలు నింపాను. నన్ను చెయ్యి పట్టుకుని ఆ గేటు దాకా తీసుకెళ్లింది నువ్వు. "మా తమ్ముడు, కష్టపడతాడు" అని మేస్త్రీకి చెప్పింది నువ్వు. నాన్న పోయిన ఏడాది, ఇంట్లో పొయ్యి వెలగాలి. నువ్వు చేసింది తప్పని నేను ఒక్కనాడూ అనుకోలేదు. నువ్వనుకుంటావని నీ ముందు నన్ను లెక్కలోంచి తీసేశాను. ఆ దాపరికమే నిన్ను పట్టిచ్చింది.

ఫారం నింపాను. ఎంతమంది అన్న గడిలో పదకొండు అనే వేశాను. ఇప్పుడది సరైన లెక్కే. అధ్యక్షుడికి ఒక కాగితం రాశాను. "పన్నెండు పేర్లలో ఒకటి నాది, రాసుకోండి. మీ బావగారి మిల్లులోనే చేశాను. తక్కినవి ఇవ్వను. తీసేస్తే తీసేయండి, అప్పీలులో కలుసుకుందాం." తీసుకెళ్లి చేతికిచ్చాను. చదివి, "చీపురు పట్టుకొచ్చినవాడివి అనుకున్నాను" అన్నాడు. "అదే చీపురండీ" అన్నాను.

అక్కడినుంచి మాస్టారు దుకాణానికి వెళ్లాను. సాక్షి కావాలని ఆ రోజు ఎలా తెలిసిందని అడిగేశాను. "సాక్షి లేని ఫారం ఎక్కడైనా చూశావా నువ్వు?" అన్నాడు. సంతకం పక్కన ఫారానికి కాస్త జిగురు అంటింది. అలాగే పోస్టు చేశాను. సాయంత్రం ఇంటికి రమ్మన్నాను.

రేపు ఆసుపత్రిలో ఛాతీకి ఫోటో తీయించుకుంటాను. ఏం తేలినా లెక్క తగ్గించకుండా రాస్తాను.

నీ తమ్ముడు

ఇవాళ చేసిన పనులు: పరుపు ఎండేశాను. ఫారం పోస్టు చేశాను. అధ్యక్షుడికి కాగితం. రెండో కుర్చీ కాలు బిగించాను. మాస్టారు తలుపు కొడుతున్నాడు. టీకి నీళ్లు, ఇద్దరికి సరిపడా,