వెనక్కి తీసుకున్న ప్రార్థన

సిద్దిపేట,
జనవరి 16, 1945

ప్రియమైన రాహేలుకు,

ప్రభువు నామంలో వందనాలు. నీ కార్డు అందింది. మోకాళ్ళ నొప్పి తగ్గిందని తెలిసి దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. నీ మోకాళ్ళు బాగుంటేనే కదా నా కోసం శుక్రవారం శుక్రవారం మోకరించేది.

వచ్చే నెలలో మిషను సంవత్సర సభ. ఉపదేశుల బదిలీలు అక్కడే తేలతాయి. మా ఆయన ఈ ఊరికి ఉపదేశిగా వచ్చి ఎనిమిదేళ్ళు నిండాయి. మెదక్ బోర్డింగులో మనిద్దరం ఒకే చాప మీద పడుకుని చదువుకున్నవాళ్ళం, ఆ చనువుతో అడుగుతున్నాను. ఈసారి మీ స్త్రీల సమాజం వాళ్ళతో కొంచెం గట్టిగా ప్రార్థన చేయించు. మాకు మీ సికింద్రాబాదు లష్కరుకే బదిలీ కావాలి.

ఇక్కడి సంగతులు ఎన్నని రాయను. బావి నీళ్ళు ఉప్పన, కందిపప్పు పొద్దున పొయ్యి మీద పెడితే మధ్యాహ్నానికి కూడా పలుకు పలుకుగానే ఉంటుంది. కోతులు ఇంటి మీది గూనపెంకులు తీసి ఒకదానికొకటి అందించుకుంటాయి. బిందెతో నీళ్ళు తెచ్చుకునే లోపు నలుగురు ఆపి "ఏం కూరమ్మా?" అని అడుగుతారు. వంకాయ అని చెప్పానో, సాయంత్రం అదే మనిషి "పొద్దుగాల గూడ గదే అంటివి గదా?" అని నిలదీస్తుంది. మా వంట మాకంటే వాళ్ళకే బాగా గుర్తు.

ఇక ఆదివారాలు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఇక్కడి ఆదివారాలు కొమురవెల్లి మల్లన్న జాతరవి. తెల్లవారుజాము నుంచి బండ్లు, డప్పులు. మొన్న ఈయన ప్రసంగం రెండో భాగంలో ఉండగా మా సంఘ పెద్ద భూపతి లేచి, "అయ్యగారూ, బండ్లు పోతున్నయి, పోరగాండ్లు ఆగుతలేరు, జర జల్ది ముగిస్తరా?" అన్నాడు. పోరగాండ్ల కంటే ముందు గడప దాటింది ఆయనే.

మరిచిపోకు. శుక్రవారం.

నీ స్నేహితురాలు,
తబితమ్మ

* * *

సికింద్రాబాదు,
ఫిబ్రవరి 20, 1945

ప్రియమైన తబితా,

హల్లెలూయ! ముందు ఆ మాట అని, కూర్చుని, మంచినీళ్ళు తాగి, అప్పుడు ఈ ఉత్తరం చదువు.

మా ఆయన సభ నుంచి నిన్న వచ్చారు. మీ ఆయన్ని, మా యోహాను అన్నగారిని, లష్కరుకు వేశారు! ఈస్టరు పండుగ అయ్యాక, ఏప్రిల్ నెలాఖరుకు మీరు ఇక్కడ ఉండాలి. మా సమాజంలో ఆడవాళ్ళందరం ఉపవాసం ఉన్నాం. ముసలి మరియమ్మ కూడా ఉంది. టీ తాగితే ఉపవాసం పోదని ఆమె నమ్మకం, అది వేరే సంగతి.

మా ఇంటి వెనక వీధిలోనే మీ ఇల్లు. లోపలే నల్లా ఉంది తల్లీ! తిప్పితే నీళ్ళు. నేను అప్పుడే సున్నం కూడా వేయించాను. వచ్చిన మొదటి శుక్రవారమే నువ్వు లేచి సాక్ష్యం చెప్పాలి. దేవుడు నిన్ను ఆ ఐగుప్తు నుంచి ఎలా విడిపించాడో అందరూ నీ నోటితోనే వినాలని ఎదురుచూస్తున్నారు. ఇన్నేళ్ళుగా నీ ఉత్తరాలు ప్రార్థనకు ముందు నేనే చదివి వినిపించాను కాబట్టి కోతులతో సహా అన్నీ వాళ్ళకు తెలుసు.

మీ స్థానంలో ఆ ఊరికి ఎవరు పోతారో ఇంకా తేలలేదట. ఎవరో పాపం. వాళ్ళ కోసం కూడా ప్రార్థిస్తాంలే.

సంతోషంతో,
నీ రాహేలు

* * *

సిద్దిపేట,
మార్చి 4, 1945

ప్రియమైన రాహేలుకు,

వందనాలు. నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. ఇల్లు బాగుంటుందనే అనుకుంటున్నాను. సున్నం కూడా బాగుంటుంది.

మేము పోతున్న సంగతి వాడలో తెలిసిపోయింది. ఆ మర్నాడే ఎదురింటి పోచవ్వ కూరగాయల గంప దించి, "అమ్మా, గీ రోలు మోస్కపోతవా ఏంది? నాకిడిసి పో" అంది. గోడ అవతలి హుస్నాబీ, మా దర్జీ దస్తగిర్ భార్య, మంచం మీద కూర్చుని ఊగి చూసి, "పలంగ్ మజ్‌బూత్‌గున్నదమ్మా, గిది మాది" అంది. భూపతి భార్య అంజవ్వకూ హుస్నాబీకీ నా నల్ల పెట్ట కోసం మాటామాటా పెరిగింది. "గుడ్లు పెడ్తున్నప్పుడు ఎవల గింజలు తిన్నది?" అని ఒకరు, "పండుకున్నది ఎవల గోడ మీద?" అని ఒకరు. నేను మధ్యలోనే నిలబడి ఉన్నాను. ఆస్తి పంచుకునేవాళ్ళ మధ్య శవం కూడా అంత నిశ్శబ్దంగా ఉండదు.

నాకు చాలా కష్టంగా తోచింది రాహేలూ. ఎనిమిదేళ్ళు కలిసి ఉంటే పోవద్దన్న ఒక్క మాట ఎవరి నోటా రాలేదు కదా అనుకున్నాను. ఆ కోపం పోచవ్వ మీద చూపించాను కూడా. "రోలు తీసుకో, పొయ్యి కూడా తవ్వుకుని తీసుకో" అన్నాను.

ఆమె గుమ్మంలో చతికిలబడి, నన్ను తేరిపార చూసి, "అమ్మా, ఒక్క మాట అడుగుత. మల్ల గీ ఊరికి రమ్మంటే వస్తవా?" అంది.

రాను అందామనే నోరు తెరిచాను. దేవుడు సాక్షి. నోట్లోంచి వచ్చిన మాట "వస్తా."

"మల్లొచ్చేదానికి పోవుడెందుకు? బండి కిరాయి దండుగ!" అని గంప ఎత్తుకుని పోయింది.

అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఆ మాట నా లోపల ఎక్కడుందో, ఇన్నాళ్ళు ఎందుకు బయటికి రాలేదో తెలియడం లేదు. నాకు ఈ ఊరు విడిచిపోవాలని లేదు. ఈయనకు ఇంకా చెప్పలేదు. ఎప్పుడు పోదాం, ఎప్పుడు పోదాం అని రోజూ ఆయన చెవి కొరికినదాన్ని, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

అందుకని, నువ్వేమీ అనుకోనంటే, మీ శుక్రవారం ప్రార్థనను కొంచెం అటు తిప్పగలవా? గట్టిగా వద్దు. మెల్లగా చేసినా చాలు.

సంకోచంతో,
తబితమ్మ

* * *

సికింద్రాబాదు,
మార్చి 11, 1945

తబితా,

ప్రియమైన అని రాయడానికి చేయి రావడం లేదు. ఉత్తరం చివరికి వచ్చేసరికి వస్తుందేమో చూద్దాం.

దేవుని సన్నిధి ఏమన్నా తాలూకా కచేరీనా, ఇవాళ అర్జీ పెట్టి రేపు వాపసు తీసుకోవడానికి? షుగరు జబ్బున్న సంతోషమ్మ కూడా నీ కోసం పస్తు ఉంది. ఆమెతో ఏం చెప్పమంటావు? ఐగుప్తు ఉల్లిపాయలు, వెల్లుల్లిపాయలు తలుచుకుని ఏడ్చిన ఇశ్రాయేలీయుల గురించి చిన్నప్పుడు చదివి నవ్వుకున్నాం. ఇప్పుడు ఆ నవ్వంతా నిన్ను చూసి నవ్వుతున్నాను.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. మీ స్థానంలోకి సిద్దిపేటకు వేసింది ఎవరిననుకున్నావు? మా ఆయననే. మొన్న హుకుం వచ్చింది. "ఎవరో పాపం" అని నేను రాసింది నా గురించే.

మా సమాజం వాళ్ళు వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చారు. నీ ఉత్తరాలన్నీ విన్నవాళ్ళు కదా! మరియమ్మైతే "కోతులు జుట్టు పీకుతాయా?" అని అడిగింది. నేను కూడా ఏడుస్తున్నాను. కాబట్టి నీ మీద ప్రేమతో కాదు, నా భయం కొద్దీ, ప్రార్థన తిప్పేశాం. మీరు అక్కడే ఉండాలి, మేము ఇక్కడే ఉండాలి.

కానీ తిరగకపోతే? నిజం చెప్పు తబితా. ఆ ఊరు నువ్వు రాసినంత చెడ్డదేనా?

నీ (ఇంకా స్నేహితురాలినే),
రాహేలు

* * *

సిద్దిపేట,
మార్చి 15, 1945

నా ప్రియమైన రాహేలుకు,

భయపడకు. నేను రాసిందేదీ అబద్ధం కాదు. సగం రాశాను, అంతే. కష్టం అయితే చెప్పుకోవాలనిపిస్తుంది. సుఖంగా ఉన్నప్పుడు కాగితం ఎందుకు ఖర్చు చేస్తాం?

పప్పు ఉడకదని రాశాను. మేము వచ్చిన రెండో నెలలోనే పోచవ్వ చూసి, "గా నీళ్ళతోని పప్పేంది, రాళ్ళు గూడ ఉడకయి, మా బాయికి రా" అని పిలిచింది. అప్పటి నుంచి వంట నీళ్ళు ఆమె పెరటి బావివే. పప్పు వెన్నలా ఉడుకుతుంది. ఆ సంగతి నీకు రాయలేదు కదూ?

ఏం కూర అని అడుగుతారని రాశాను. ఒకనాడు జ్వరంతో ఉండి "ఇవాళ ఏం చేయలేదు" అన్నాను. పొయ్యి రాజేయకుండానే మూడు గిన్నెలు వచ్చాయి. హుస్నాబీ తెచ్చిన పుల్లటి ఖట్టా చారు తాగాక నాకు చెమట పట్టింది. "దవాఖానల ఇస్తే రూపాయి అడుగుతరు" అని గిన్నె తీసుకుని పోయింది.

ఆదివారం బండ్ల సంగతి రాశాను. ఆ బండ్ల వాళ్ళు మా అరుగు దగ్గర నీళ్ళకు ఆగుతారు. ఈయన ప్రసంగం ముగించి కడవ తెచ్చి పోస్తారు. కిందటేడు ఒక ముసలామె కడుపునిండా తాగి, "సల్లగుండు కొడుకా" అని మల్లన్న పసుపు బండారి ఆయన తెల్ల కోటు మీద చల్లి పోయింది. నేను రెండుసార్లు ఉతికాను, మరక పోలేదు. ఆయన ఆ కోటుతోనే క్రిస్మస్ ప్రసంగం చేశారు. దేవుడికి రంగు పట్టింపు ఉంటుందని నాకూ తోచలేదు.

కోతుల గురించి మాత్రం నేను రాసింది పూర్తిగా నిజం.

ఇద్దరం ఒకటే ప్రార్థన చేద్దాం, మీరక్కడ, మేమిక్కడ. ఒకవేళ దేవుడు వినకపోయినా నువ్వు ఏడుస్తూ రావద్దు.

ప్రేమతో,
తబితమ్మ

* * *

సికింద్రాబాదు,
మార్చి 26, 1945

ప్రియమైన తబితా,

కార్డు మీద స్థలం లేదు, నేరుగా చెబుతున్నాను. ప్రార్థన ఆపేయి. నేను సిద్దిపేటకు వస్తున్నాను.

నీ ఉత్తరం శుక్రవారం చదివి వినిపించాను. ఇరవై ఏళ్ళుగా ఇక్కడున్నాను, మా పక్కింటి ఆమె పేరు నాకు తెలియదు. అడుగుదామని నిన్న పోయి తలుపు కొట్టాను. కిరాయి వసూలుకు వచ్చాననుకుని తీయలేదు.

నీకు అన్యాయమే. ఒప్పుకుంటాను. కానీ ఎనిమిదేళ్ళు లష్కరు కావాలని అడిగింది నువ్వు, ఊరు బాగుందని నాకు రాసిందీ నువ్వే. మరియమ్మ చివరికి విసిగి, "ప్రభువా, ఈ ఇద్దరు ఆడవాళ్ళకు ఏం కావాలో నువ్వే చూసుకో, మాకు తెలియడం లేదు, ఆమేన్" అని లేచి ఇంటికి వెళ్ళిపోయింది.

రాహేలు

* * *

సిద్దిపేట,
ఏప్రిల్ 12, 1945

నా ప్రియమైన రాహేలుకు,

నీ కార్డు చదివి నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. నీ మీద కోపంతో కాదు. నీకు చెప్పాను, దేవునికి చెప్పాను, పోచవ్వకు కూడా చెప్పాను, ఒక్క ఇంటాయనకు మాత్రం చెప్పలేదు కదా అని. ఇక లాభం లేదని, ఈయన భోజనానికి కూర్చోగానే కళ్ళు మూసుకుని అనేశాను, "నాకు ఈ ఊరు వదిలి రావాలని లేదు" అని.

కళ్ళు తెరిస్తే ఆయన ముద్ద చేతిలో పట్టుకుని నన్నే చూస్తున్నారు.

"గీ మాట ముందుగాల చెప్పద్దా?" అన్నారు. "ఏటా సభల మిషను పెద్దయ్యగారు అడుగుతరు, సిద్దిపేట ఇడిసి పోతవా యోహానూ అని. నేను పోనంట. గీ ఏడు నీ మొఖం జూసి, పాపం ఎన్నేండ్లు ఓపిక పడ్తదని, పోత అన్న. మూడు దినాలు అన్నం సైంచలే నాకు."

రాహేలూ, ఎనిమిదేళ్ళు మీరంతా పస్తులుండి చేసిన ప్రార్థనకు అడ్డం పడ్డ మనిషి నా కంచం ముందే కూర్చుని ఉన్నాడు! సంతోషమ్మకు ఈ సంగతి మెల్లగా చెప్పు.

మర్నాడే ఈయన బస్సెక్కి మెదక్ పోయి పెద్దయ్యగారిని కలిశారు. ఆయన అంతా విని తల పట్టుకున్నారట. "లష్కరు పొమ్మంటే పోనంటివి, నీ జాగల ఏసిన సామ్యూలేమో సిద్దిపేట వొద్దనకుండ వస్తనంటుండు. నా సర్వీసుల గిసొంటిది చూడలే" అన్నారట. లష్కరు కోసం పేర్లిచ్చినవాళ్ళు గంపెడు మంది ఉన్నారు కాబట్టి ఆ ఇల్లు వాళ్ళలో ఒకరికి. నువ్వు వేయించిన సున్నం వాళ్ళకు ఆశీర్వాదం అవుతుంది. ఊళ్ళో సంఘం, బడి మీ ఆయనకు, సామ్యూల్ అన్నగారికి. నంగునూరు, చిన్నకోడూరు వైపు పల్లెలు ఈయనకు. ఎండలో సైకిలు మీద తిరగాలి. ఆ మాట చెబుతూ, పండుగకు కొత్త బట్టలు తెచ్చినంత సంబరంగా చెప్పారు.

మీకు హుస్నాబీ వాళ్ళ ముందరి రెండు గదులు అడిగాను. "కిరాయి తర్వాత, ముందుగాల ఆమె మంచిదేనా చెప్పు" అంది. మంచిదే, కొంచెం గట్టిగా మాట్లాడుతుంది అన్నాను. "గట్టిగ మాట్లాడకుంటె గోడ అవతలికి ఎట్ల ఇనవడ్తది?" అని తాళం చెవి ఇచ్చింది.

నువ్వొచ్చిన మొదటి నెలలు కష్టంగానే ఉంటుంది. నేను దాచను. నువ్వు లష్కరులో ఉన్న ఎవరికో ఉత్తరం రాస్తావు, ఈ ఊరి నుంచి విడిపించమని శుక్రవారాలు ప్రార్థన చేయమంటావు. రాయి. నేనే డబ్బాలో వేయిస్తాను.

ఆ మాటే పోచవ్వతో అన్నాను. "వచ్చే ఆమె నాకంటే మొండిది, ఏటికేడు పోతా పోతా అంటుందేమో పోచవ్వా" అన్నాను.

ఆమె వంకాయలు ఏరుతూ తల కూడా ఎత్తలేదు. "అననియ్యమ్మా. పోత పోత అనెటోళ్ళే ఉంటరు. పోయెటోళ్ళు చెప్పిపోతరా?"

నీ రాక కోసం గడపలో నిలబడి,
తబితమ్మ