తమ్ముడి జవాబుకు ముందు

నెల్లూరు జిల్లా వాకాడు మండలంలో కాపురముండి కీర్తిశేషులైన అబ్రహాము గారి కుమార్తెను, డాక్టర్ రెజీనాను, వయసు యాభై నాలుగు, అవివాహితనైన నేను, నెల్లూరులో ఇన్నాళ్ళూ పనిచేసిన ఆసుపత్రిలోనే మంచం మీద కూర్చుని, ఎవరి ప్రోద్బలమూ లేకుండా స్వయంగా రాస్తున్న వీలునామా. నా తెలివి పూర్తిగా ఉంది. చెడింది రక్తం మాత్రమే. జీవితమంతా రక్త మూలకణాల మార్పిడి మీద పరిశోధన చేసిన మనిషికి రక్తం జబ్బేమిటని చుట్టాలు బుగ్గలు నొక్కుకుంటున్నారు. జబ్బు నా డిగ్రీలు చూసి రాలేదు.

దీని అమలు బాధ్యత మా పిన్ని కూతురు, టీచరు ఏసుమణిది.

1. వాకాడు దగ్గర నా వాటా రెండెకరాల పొలం నా తమ్ముడు బెన్హర్‌కు చెందాలి. పక్కనే తన వాటాలో వాడు రొయ్యల గుంటలు తవ్వాడు. ఉప్పు నా మళ్ళలోకి ఊరి వరి మాడిపోయింది. చెప్పాను, వినలేదు. ఫిర్యాదు చేశాను. రొయ్య చేతికొచ్చే ముందు ఆఫీసర్లు గుంటలు ఖాళీ చేయించారు. చర్చి ముందు అందరూ చూస్తుండగా, "నాకింక అక్క లేదు. నేను సచ్చినా రాబాకు" అన్నాడు. ఏళ్ళుగా మాటల్లేవు. ఫిర్యాదు చేసినందుకు నాకు ఈరోజుకీ విచారం లేదు. అయినా పొలం వాడికే.

2. ఈ పొలం దేనికీ వెల కాదు. నా ఎముక మజ్జను మందులతో ఖాళీ చేసి, ఇంకొకరి మూలకణాలు ఎక్కిస్తేనే నేను బతుకుతాను. దాతల జాబితాలన్నీ వెతికించాం. పూర్తిగా సరిపోయింది బెన్హర్ ఒక్కడే. ఏసుమణి వెళ్ళి అడిగితే చెయ్యి చాపి పరీక్షకు రక్తం ఇచ్చాడట. ఈరోజు ఈ వార్డు డాక్టర్ ఉష వాణ్ణి ఒంటరిగా తన గదిలో కూర్చోబెట్టి, ఇష్టమా కాదా అని అడుగుతుంది. ఆ జవాబు వచ్చేలోపు పొలం మాట వాడి చెవిన పడకూడదు.

3. దాతను ఒంటరిగా అడగాలన్న నియమం ఈ వార్డులో పెట్టింది నేనే. దాత వద్దంటే ఇంటివాళ్ళకు చెప్పాల్సిన మాట కూడా నేనే రాశాను: "దాత అనువుగా లేరు." గుండె బాగాలేకపోయినా అదే మాట, మనసు లేకపోయినా అదే మాట. ఏది నిజమో రోగికి తెలియదు. ఎందరో కాళ్ళావేళ్ళా పడ్డారు, చెప్పలేదు. ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి ఇప్పించేది దానం కాదు. ఇప్పుడు అదే మాట నా తలుపు దగ్గరికి రావచ్చు. వస్తే, బెన్హర్‌ను ఎవరూ కారణం అడగరాదు. ఏసుమణీ, ముఖ్యంగా నువ్వు.

4. నేను బతిమాలినా ఉష నాకు నిజం చెప్పరాదు. అసలు ఆ కబురు తేవడానికి ఉష రానే కూడదు. అబద్ధం చెప్పేటప్పుడు ఆ పిల్ల కళ్ళజోడు తీసి తుడుచుకుంటుంది. దానికి పాఠాలు చెప్పినదాన్ని, ఇట్టే కనిపెట్టేస్తాను.

5. తండ్రిది పూర్తిగా కలిస్తే పిల్లది సగమైనా కలుస్తుందని, సగం సరిపోయిన దాతతోనూ మార్పిడి చెయ్యొచ్చని నేను రాసిన పేపర్లు పట్టుకుని ఎవరూ బెన్హర్ కూతురు ప్రత్యూష దగ్గరికి పోరాదు. పదహారేళ్ళ పిల్ల. మేనత్త ప్రాణం దాని నెత్తిన పెడితే కాదనే ధైర్యం ఎక్కణ్ణించి వస్తుంది? నా మైక్రోస్కోపు మాత్రం దానికే. చిన్నప్పుడు అందులో దోమ రెక్క చూసి ఇల్లెగిరిపోయేలా కేక పెట్టింది. ఆ కేకంటే నాకు ప్రాణం.

మూడు నుంచి అయిదు వరకు చెప్పినవి నేను బతికుండగానే అమలు కావాలి. ఆ భాగం నకళ్ళు ఏసుమణికీ ఉషకూ ఇచ్చాను.

6. నా రక్తం, మజ్జ నమూనాలు ఇక్కడి ల్యాబుకు. మిగతా ఆస్తి ఏసుమణికి. అమ్మ పులుసు చట్టి బెన్హర్ ఇంట్లో ఉంది. అమ్మ దాన్ని నాకిస్తానంది. ఏసుమణి అడిగి తీసుకోవాలి. ఇందులో రాజీ లేదు.

7. నన్ను అమ్మ పక్కన సమాధి చెయ్యాలి. ఈ వానలకు గుంటలో నీళ్ళు ఊరతాయి, తోడి పెట్టండి. బెన్హర్ వస్తే మట్టి వెయ్యనివ్వండి. రాకపోతే అక్కడ వాడి ఊసెత్తవద్దు.

8. నాకు భయంగా ఉంది. కిటికీలోంచి వాడు కనిపిస్తున్నాడు. వానలో గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. జుట్టు నెరిసింది. ఒక్కసారీ తలెత్తి చూడలేదు. కిందికి పరిగెత్తి, చెయ్యి పట్టుకుని, ఒప్పుకోరా అని ఏడవాలనిపిస్తోంది. ఆ పని చేస్తానేమోనని నర్సు వెంకటశేషమ్మను తలుపు దగ్గర కూర్చోబెట్టాను.

ఒరే బెన్హర్, ఎప్పుడో ఒకరోజు ఇది నీ చేతికొస్తుంది. అప్పుడు ముందు కింద తేదీ, సాక్షులు రాసిన మాట చూడు. నువ్వు సరేనన్నందుకు ఇవ్వలేదు, కాదన్నా వెనక్కి తీసుకోను.

2025 నవంబరు 11, మంగళవారం ఉదయం.

(సంతకం) రెజీనా

సాక్షులు: వెంకటశేషమ్మ, వార్డు నర్సు. హజరత్తయ్య, వార్డు అటెండరు.

డాక్టరమ్మ మా ఇద్దరి ఎదుటే సంతకం చేశారు. ఆమె కోరిక మీద ఇది కూడా రాస్తున్నాం: అప్పటికి ఉష గారి గది ఖాళీగానే ఉంది. ఆమె తమ్ముడు గారు ఇంకా వానలోనే నిలబడి ఉన్నారు.